స్నానానికెళ్లిన పిల్ల ఎందుకు పడిపోయింది? – పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

చలికాలంలో నాకొచ్చే ప్రశ్నలన్నీ జలుబు, దగ్గు, ఆయాసం మీదే ఉంటాయి. ఈసారి నెల్లూరు నుంచి ఒక తల్లి రాసింది చదివాక వాటిని వచ్చే సంచికకి వాయిదా వేశాను. ఆమె ప్రశ్నకి దగ్గరగా ఉన్నవి ఇంకో ఐదు దొరికాయి. పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను, ఇంట్లో పిల్లలున్నవాళ్లందరి చేతా చదివించండి.

డాక్టరు గారూ, మా పాపకి 12 ఏళ్లు. పోయిన వారం స్కూలుకి టైమైపోతోందని గబగబా స్నానానికెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు, పిలిస్తే పలకలేదు. మా ఆయన తలుపు పగలగొట్టి చూస్తే కింద పడి ఉంది, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. వరండాలోకి ఎత్తుకొచ్చి పడుకోబెట్టాం, మా అత్తగారు తాళాల గుత్తి చేతిలో పెట్టారు. పది నిమిషాలకి కళ్లు తెరిచింది, వాంతి చేసుకుంది. ఆ రోజంతా తల పగిలిపోతోందని ఏడుస్తూనే ఉంది. అందరూ ఫిట్స్ అంటున్నారు. మా రెండు వైపులా ఎవరికీ ఆ జబ్బు లేదు. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది గానీ లీకేమీ లేదు, వాసన కూడా రాలేదు. రేపు దీని చదువు, పెళ్లి ఎట్టా అని టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
– ఒక తల్లి, వేదాయపాళెం, నెల్లూరు

అమ్మా, ముందు లేచి వెళ్లి ఆ గీజర్ సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి రండి. మిగతాది తర్వాత చదువుదురు గాని.

పాపని చూడకుండా ఇది ఫలానా అని నేను తేల్చి చెప్పకూడదు. కానీ మీరు రాసిన వరస చూస్తే, గీజర్ వేసుకుని తలుపేసుకోవడం, పడిపోవడం, బయట గాలి తగిలిన కాసేపటికి తేరుకోవడం, ఆ తర్వాత వాంతి, రోజంతా తలనొప్పి, నాకు ఫిట్స్ జబ్బు కంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ గుర్తుకొస్తుంది. మన దేశంలో నరాల డాక్టర్లు ఇలాంటి కేసులు చాలా చూసి దీన్ని గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పిలుస్తున్నారు. చూడటానికి అచ్చం మూర్ఛలాగే ఉంటుంది.

లీకు లేదు, వాసన లేదు అన్నారు కదా, మనమంతా దెబ్బ తినేది అక్కడే. వంట గ్యాస్‌కి సొంత వాసన ఉండదు. లీకైతే తెలియాలని కంపెనీవాళ్లు అందులో కంపుకొట్టే పదార్థం కలుపుతారు. ఆ గ్యాస్ మండాక ఆ కంపు కూడా మండిపోతుంది. మీ ఇంట్లో జరిగింది లీకు కాదు, మంట. గీజర్‌లో మంట వెలగాలంటే గాలి కావాలి. నాలుగడుగుల బాత్రూం, తలుపు వేసి గడియ పెట్టేశారు, పైనున్న వెంటిలేటర్‌కి దోమలు వస్తున్నాయని అట్టముక్క అడ్డం పెట్టి ఉంటారు (నెల్లూరు ఇళ్లలో నేను ఎక్కువ చూసేది ఇదే, దోమల బాధ అటువంటిది). ఆ కాస్త గాలిని మంటా, మనిషీ పంచుకోవాలి. గాలి తగ్గేకొద్దీ గ్యాస్ సరిగ్గా కాలదు, సగం కాలిన గ్యాస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. చిన్నప్పుడు పుస్తకాల్లో చదివిన బొగ్గుపులుసు వాయువు వేరు, ఇది వేరు. దీనికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. బరువు దాదాపు గాలంతే కాబట్టి నేలకి దిగకుండా, పైకి పోకుండా గదంతా కలిసిపోతుంది.

ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుందంటే, పండగ రోజుల్లో ఆత్మకూరు బస్టాండులో కిటికీలోంచి టవల్ వేసి సీట్లు ఆపుకుంటారు చూడండి, అలా రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన సీట్లన్నీ ఇది పట్టేసుకుంటుంది. హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది, ఒక పట్టాన వదలదు. రక్తం తిరుగుతూనే ఉంటుంది గానీ మెదడుకి, గుండెకి ఆక్సిజన్ అందదు. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం. తలుపు తీసుకుని బయటికి రావాలన్న ఆలోచన కూడా సరిగా సాగదు, అందుకే చాలామంది గడియ దాకా రాలేక పడిపోతారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పాపని పిల్లల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించండి, కూర్చోగానే మొదటి మాటగా గ్యాస్ గీజర్ సంగతి చెప్పండి. ఈ మాట చెప్పకపోతే ఎంత మంచి డాక్టరైనా ఫిట్స్ దారిలోనే వెళ్లే అవకాశం ఉంది. నాకు ఆ అనుభవం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక బాబుని ఇలాగే తెస్తే, ఎక్కడ పడ్డాడని అడిగాను గానీ ఆ బాత్రూంలో ఏముందని అడగలేదు. మూర్ఛ మందు రాసి పంపాను. నెల తిరక్కుండా వాడు అదే బాత్రూంలో మళ్లీ పడిపోయాడు. అదృష్టం బాగుండి బతికాడు. ఆ రోజు నుంచి స్నానాల గదిలో పడిపోయారంటే నా మొదటి ప్రశ్న నీళ్లు దేంతో కాచుకుంటారనే.

ఇప్పటికే ఫిట్స్ మాత్రలు మొదలుపెట్టి ఉంటే మాత్రం నా జవాబు చదివి మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరే చెప్పాలి. ఇంకొకటి, ఈ గ్యాస్ పీల్చినవాళ్లలో కొందరికి బాగైపోయిందనుకున్నాక కొన్ని రోజులకో వారాలకో మతిమరుపు, నడకలో తడబాటు, ఊరికే చిరాకు, చదువు మీద గురి తప్పడం కనిపిస్తాయి. కాబట్టి ఒక నెలన్నర పాటు పాప చేతిరాత, నడక, మాట గమనిస్తూ ఉండండి. తేడా కనిపిస్తే బద్ధకమని తిట్టకండి, మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

గీజర్ బాత్రూం లోపల ఉండనే కూడదు. గాలి ఆడే చోట బయట గోడకి పెట్టించి, వేడినీళ్లు మాత్రం పైపుతో లోపలికి తెచ్చుకోవాలి. అది పూర్తయ్యేదాకా తలుపు తీసిపెట్టి బకెట్లు నింపుకుని, గీజర్ ఆపేసి, కాసేపు గాలి ఆడనిచ్చి, ఆ తర్వాతే స్నానానికి వెళ్లాలి. లోపల ఎవరైనా ఉండగా గీజర్ మండకూడదు. ఒకరి తర్వాత ఒకరు వరసగా స్నానాలు చేసే ఇళ్లలో మూడోవాళ్లకీ నాలుగోవాళ్లకీ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అంటారు, తలుపు కింద నుంచో కిటికీ నుంచో కొత్త గాలి లోపలికి రాకపోతే ఆ ఫ్యాన్ ఏం లాగుతుంది? మంట నీలంగా కాక పసుపుగా వెలుగుతున్నా, గీజర్ మీద మసి పట్టినా మెకానిక్‌ని పిలవండి, అయితే మంట నీలంగా ఉంది కాబట్టి భయం లేదని మాత్రం అనుకోకండి.

తాళాల గుత్తి గురించి అత్తగారికి మెల్లగా చెప్పండి, ఆవిడ ప్రేమతోనే పెట్టి ఉంటారు, కానీ ఇనుము వల్ల ఏ మూర్ఛా తగ్గదు. పాపని కాపాడింది మీ ఆయన తలుపు పగలగొట్టి వరండాలోకి తీసుకురావడం.

కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంది. బాబుకి తల తిరుగుతోందంటే వేలికి పెట్టి చూశాను, 98 చూపించింది. అంటే పర్లేదనే కదా సార్?
– ఒక తండ్రి, కావలి

కాదు బాబూ. ఈ విషయంలో ఆ మిషన్‌ని నమ్మడానికి లేదు. అది వేలిలోంచి వెలుతురు పంపి రక్తం రంగుని బట్టి లెక్క కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం దానికి ఆక్సిజన్ పట్టిన రక్తంలాగే కనిపిస్తుంది. మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా 98 చూపించగలదు. ఆస్పత్రిలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ అని వేరే రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది, అది కూడా ఆలస్యమైతే మామూలుగా రావచ్చు. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఉన్న ఈ గ్యాస్ సగానికి తగ్గడానికి 4 నుంచి 5 గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో సగానికి దిగుతుంది. అందుకే అనుమానం ఉంటే ఇంట్లో అంకెలు చూస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లమంటున్నాను. మీ బాబుకి తల తిరిగినప్పుడు ఇంట్లో ఏం మండుతోందో మీరు రాయలేదు. ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

నా కోడలు ప్రసవించి పదిహేను రోజులైంది. మా వైపు బాలింత గదిలో కుంపటి పెట్టడం, తలస్నానం అయ్యాక తలకీ బిడ్డకీ సాంబ్రాణి పొగ వేయడం మా అమ్మమ్మల నాటి నుంచి ఉంది. నా ముగ్గురు బిడ్డలకీ అట్టాగే చేశాను, అందరూ బాగున్నారు. ఇప్పుడు నా కొడుకు వద్దని గొడవ చేస్తున్నాడు. మీరైనా చెప్పండి నాయనా.
– ఒక నానమ్మ, ఉదయగిరి

అమ్మా, మీ ముగ్గురు బిడ్డలు బాగున్నారంటే దానికి కారణం ఉంది, అది మీరున్న ఇల్లు. అప్పటి పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి పొగ పోయేది, తలుపు చెక్కల మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉండేది, కిటికీలకి అద్దాలుండేవి కావు. ఇల్లే ఊపిరి తీసుకునేది. ఇప్పుడు మీ కోడలు పడుకున్నది స్లాబు గది అయి ఉంటుంది, కిటికీకి అద్దం, చలిగాలి తగలకూడదని సందుల్లో గుడ్డలు కుక్కి ఉంటారు. అదే కుంపటి, అవే బొగ్గులు, గది మాత్రం మారింది. కాబట్టి మీ అబ్బాయి మాట వినమనే నేనూ చెబుతున్నాను.

కుంపట్లో పొగ ఆగిపోయి నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు ఇక భయం లేదని గదిలోకి తెస్తాం. నిజానికి బొగ్గు నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అప్పుడూ వస్తూనే ఉంటుంది, పొగ లేదు కాబట్టి మనకి కనిపించదంతే. పసిబిడ్డ మనకంటే గబగబా ఊపిరి తీసుకుంటుంది, అందుకని ఎక్కువ పీలుస్తుంది. తలనొప్పి అని చెప్పలేదు. పాలు సరిగా తాగకపోవడం, ఒళ్లు మెత్తబడిపోవడం, లేపినా లేవకుండా పడుకోవడం, ఇవే దాని భాష. వెచ్చగా ఉంది, హాయిగా నిద్రపోతోందని పెద్దవాళ్లు మురిసిపోతారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ నిద్రే. గర్భిణి ఉన్న ఇంట్లో కూడా ఇంతే జాగ్రత్త కావాలి, తల్లి పీల్చింది కడుపులో బిడ్డకి చేరుతుంది, బిడ్డ రక్తంలోంచి వదలడానికి తల్లికంటే ఎక్కువ సమయం పడుతుంది.

బిడ్డకి వెచ్చదనం కావాలన్న మీ మాట వంద శాతం నిజం. దానికి మెత్తటి గుడ్డలు, టోపీ, మేజోళ్లు, అన్నిటికీ మించి తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేట్టు పడుకోబెట్టడం ఉన్నాయి. కోడలి జుట్టు పది గంటల ఎండలో ఆరబెట్టండి. సాంబ్రాణి మనసుకి పట్టిన ఆనవాయితీ అయితే ఇంటి ముందు వేసి దేవుడికి చూపించి, అక్కడే పూర్తిగా ఆరిపోయాక లోపలికి రండి. బిడ్డ ముఖానికి పొగ తగలనివ్వొద్దు. నిప్పులున్న కుంపటి పెట్టుకుని గదిలో ఎవరూ పడుకోవద్దు, కిటికీ కాస్త తెరిచి ఉంచాం అన్నా సరే వద్దు. పక్కన నీళ్ల బకెట్ పెడితే గాలి శుభ్రమవుతుందని కొందరంటారు, నీళ్లు ఈ గ్యాస్‌ని ఏమీ పట్టుకోవు.

మాకు రొయ్యల గుంటలున్నాయి. కరెంటు పోతే గుంట నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగకూడదని డీజిల్ జనరేటర్ షెడ్డులో పెట్టాం. వానలకి కాపలా మనిషి భార్యాపిల్లలతో అదే షెడ్డులో పడుకుంటున్నాడు. శబ్దం తప్ప వేరే ఇబ్బంది ఉంటుందా?
– ఒక రైతు, విడవలూరు

అన్నా, ఈ రాత్రే వాళ్లని అక్కడి నుంచి మార్చండి. మీరు అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఎంతోమందికి ఈ అనుమానమే రాదు. ఇంజను ఏదైనా, పెట్రోలుదైనా డీజిలుదైనా, దాని పొగలో ఈ గ్యాస్ ఉంటుంది. చిన్న పెట్రోలు జనరేటర్లలో మరీ ఎక్కువ. జనరేటర్ మనుషులుండే చోటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట, పొగ గొట్టం ఏ తలుపు వైపూ ఏ కిటికీ వైపూ తిరగకుండా ఉండాలి. వాన తగలకుండా పైన రేకు వేయండి, చుట్టూ గోడలు కట్టకండి.

ఊళ్లో ఇళ్లకి కూడా ఇదే మాట. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, దాని ముందూ వెనకా నెల్లూరు జిల్లాలో వానలు, కరెంటు కోతలు మీరు చూశారు కదా. అలాంటి రోజుల్లోనే అద్దెకి తెచ్చిన జనరేటర్‌ని తడవకుండా వరండాలోనో మెట్ల కిందో పెట్టి, గాలివాన కొడుతోందని కిటికీలన్నీ బిగించుకుంటాం. పొగ తలుపు సందుల్లోంచి లోపలికి చేరుతుంది. ఇన్వర్టర్‌తో ఈ గొడవ లేదు, అందులో మండేదేమీ లేదు. ఇంకో మాట, షెడ్డులో కారు ఇంజను ఆన్ చేసి ఏసీ వేసుకుని పిల్లల్ని నిద్రపుచ్చడం, అది కూడా చేయకండి.

ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ చేరితే పట్టే అలారం దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. పెట్టె మీద కార్బన్ మోనాక్సైడ్ అని స్పష్టంగా ఉండాలి, వంట గ్యాస్ లీకు అలారం వేరు, పొగ అలారం వేరు, అవి దీన్ని పట్టవు. పడకగదిలో, మంచం మీద పడుకుంటే ముఖం ఉండే ఎత్తుకి అటూ ఇటూగా పెట్టండి. లోపలి సెన్సార్‌కి ఆయుష్షు ఉంటుంది, ఎన్నేళ్లో పెట్టె మీద రాసి ఉంటుంది, ఆ గడువు దాటాక కొత్తది కొనాల్సిందే. అలారం ఉంది కదా అని గీజర్‌ని బాత్రూంలో ఉంచుకోవద్దు.

సార్, నేను ప్రభుత్వ పాఠశాలలో టీచరుని. మా పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది పొగాకు రైతులు, కూలీలు. పేరెంట్స్ మీటింగులో దీని గురించి పది నిమిషాలు చెప్పాలనుకుంటున్నాను. కార్బన్ మోనాక్సైడ్ అనగానే ఎవరూ వినరేమోనని భయం. ఎట్టా చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, కొండపి

టీచరమ్మా, మీకు దండం పెట్టాలనిపించింది. నేను ఒక్కొక్క ఇంటికీ చెప్పలేను, మీరు పది నిమిషాల్లో వందమందికి చెప్పగలరు.

ఆ పేరుతో మొదలుపెట్టకండి. ముందు ఒక ప్రశ్న అడగండి: మీ ఇంట్లో ఎప్పుడైనా ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వికారం వచ్చి, బయటికి రాగానే తగ్గిందా? చేతులు లేస్తాయి. జ్వరం ఉందా అని అడగండి, లేదంటారు. రాత్రి తిన్నది పడలేదనో, దిష్టి తగిలిందనో, పైత్యమనో అనుకున్నాం అంటారు. అప్పుడు, ఆ సమయంలో ఇంట్లో ఏం మండుతోంది, తలుపులు ఎలా ఉన్నాయి అని అడగండి. వాళ్ల నోటితో వాళ్లు చెప్పుకున్న తర్వాత ఆ గ్యాస్ పేరు చెప్పినా చెవిన పడుతుంది.

నమ్మనివాళ్లకి 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో జరిగింది చెప్పండి. కేరళ నుంచి విహారయాత్రకి వెళ్లిన రెండు కుటుంబాలవాళ్లు, చలికి గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులు కిటికీలు బిగించుకుని ఒకే గదిలో పడుకున్నారు. ఎనిమిది మంది పొద్దున లేవలేదు, అందులో నలుగురు పిల్లలు. ఆ గదిలో ఏ ఒక్కరికీ చెడు వాసన వచ్చి మెలకువ రాలేదు, వచ్చే వీలే లేదు. మన దగ్గర అంత చలి లేదంటారు. చలి లేకపోయినా దోమలకి కిటికీలు మూసేస్తాం, ఏసీ గాలి పోకుండా మూసేస్తాం.

మీ ఊళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది బ్యారన్ గురించి, అంటే పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే గది గురించి. పొయ్యి బయట ఉన్నా, వేడి ఇనుప గొట్టాల్లోంచి లోపలంతా తిరుగుతుంది. ఆ గొట్టాలకి తుప్పు పట్టి చిల్లు పడినా, అతుకు ఊడినా కట్టెల పొగతో పాటు ఈ గ్యాస్ బ్యారన్ నిండా చేరుతుంది. ఐదారు రోజులు రాత్రీపగలూ మంట ఆగదు, ఆకు ఎలా ఉందో చూడటానికి మనిషి లోపలికి వెళ్లి రావాల్సిందే. సీజన్ మొదలయ్యే ముందే గొట్టాలు చూసి బాగు చేయించుకోమనండి. లోపలికి వెళ్లేముందు తలుపు తెరిచి కాసేపు ఆగమనండి, వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఒక మనిషి నిలబడాలి. అన్నం క్యారియర్ తెచ్చిన పిల్లల్ని లోపలికి పంపకూడదు, వెచ్చగా ఉంటుందని పొయ్యి పక్కన మూసిన షెడ్డులో పడుకోబెట్టకూడదు.

ఎవరైనా పడిపోయి కనిపిస్తే ఏం చేయాలో ఇద్దరు పిల్లల చేత చేయించి చూపించండి, పెద్దవాళ్లు మాటల కంటే అది గుర్తుపెట్టుకుంటారు. తలుపులు బార్లా తీయాలి, ఊపిరి బిగబట్టి మనిషిని బయటికి లాక్కురావాలి, లోపలే నిలబడి నీళ్లు చల్లుతూ పిలవకూడదు, అలా కాపాడబోయి పడిపోయినవాళ్లూ ఉన్నారు. మంట ఆపాలి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు, నిమ్మరసం, కాఫీ ఏమీ పోయకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చాక ఫలానా మంట దగ్గర పడిపోయాడని చెప్పాలి. వంట గ్యాస్ లీకైన వాసన వస్తే అది వేరే సంగతి, దానికి 1906 నంబరు ఉంది, అది కూడా బోర్డు మీద రాయండి.

మీటింగుకి వారం ముందు పిల్లలకి ఒక ఇంటిపని ఇవ్వండి. తెల్ల కాగితం మీద తమ ఇల్లు గీసి, మంట వెలిగే చోటల్లా ఎర్ర చుక్క, గాలి వచ్చే చోటల్లా నీలం గీత పెట్టుకురమ్మనండి. పొయ్యి, గీజర్, కుంపటి, జనరేటర్, దోమల చుట్ట, దీపం, అన్నీ. ఎర్ర చుక్క ఉండి నీలం గీత లేని గది ఎవరి కాగితంలో కనిపిస్తే, ఆ ఇంటి అమ్మానాన్నల్నీ, నానమ్మ ఉంటే ఆవిడనీ మీటింగ్ అయ్యాక ఒక్క ఐదు నిమిషాలు ఆగమని విడిగా మాట్లాడండి. కుంపటి విషయంలో ఇంట్లో మాట చెల్లేది నానమ్మదే కాబట్టి ఆవిడ తప్పకుండా రావాలి. ఆ కాగితాలు చూశాక మీకు వచ్చే అనుమానాలు నాకు రాయండి, వాటికి ఇక్కడే జవాబిస్తాను.